వేలు పెట్టి చూపించండి

మా తెలుగు టీచరుగారు పిల్లల్ని కూడా ‘అండీ’ అనేవారు. పరీక్షల ముందు ఇతివృత్తం, నేపథ్యం, అభిప్రాయం, ఆధారం అన్నీ మళ్లీ చెప్పించేవారు. పాఠంలో లేనిది ఊహించి చెబితే, "ఏ వాక్యంలో ఉందండీ? వేలు పెట్టి చూపించండి," అనేవారు. మాకు ఒళ్లు మండేది.

ఓసారి రాజోలు ఆటోలో ఆవిడ పక్కన కూర్చున్నాను. అప్పుడు మా అమ్మ కువైట్‌లో ఇంటిపని చేసేది. ఎదురుగా ఉన్న మా పొరుగావిడ, "మీ అమ్మ ఇంక రాదంటగా? అక్కడ ఇంకెవరితోనో ఉంటోందంట," అంది.

నేను తల దించుకున్నాను.

"ఎవరు చూసేరండీ?" అన్నారు టీచరుగారు.

"అందరూ అనుకుంటున్నారండీ."

"అది అభిప్రాయమండీ. నేనడిగింది ఆధారం."

క్లాసులో వినే గొంతే. నేను దించిన తల ఎత్తి, రాజోలు వచ్చేదాకా పొరుగావిడ వైపే చూస్తూ కూర్చున్నాను.