పన్నెండు గామాల తేడా

పొద్దున ఏడింటికి చెంగయ్య సైకిలును వంద గజాల దూరంలో ఆపి, బెల్టు, తాళంచెవులు అక్కడే వదిలి, ఏర్పేడు పక్కన ఇత్తడి మేకులతో కట్టిన చెక్క గదిలోకి నడుస్తాడు. భూమి అయస్కాంత బలాన్ని గామాల లెక్కన కొలిచే పరికరం అందులో ఉంది. దగ్గరలో పిసరంత ఇనుమున్నా కొలత తప్పుతుంది. ఉపగ్రహంలో తిరిగే అలాంటి పరికరం ఏళ్లు గడిచేకొద్దీ గాడి తప్పుతోందేమో ఈయన కొలతలతోనే సరిచూస్తారు. పద్దెనిమిదేళ్లలో ఆయన కొలతను ఎవరూ తప్పుపట్టలేదు. ఎనభై రెండు ఆగస్టులో పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. జూన్ నుంచి రెండింటికీ పన్నెండు గామాల తేడా వస్తోందని, ఉపగ్రహంలోదే చెడిందని రాయబోతున్నామని దాని సారాంశం.

చెంగయ్య వేలికి ఉంగరం ఎక్కింది జూన్‌లోనే. ఇంటికెళ్లి భార్యను అడిగాడు. “ఏమే, ఇది వెండేనా?”

“పైన వెండే. లోపల గుర్రం నాడా,” అంది దేవకమ్మ. “శని పోవాలంటే ఇనుమే ఏసుకోవల్ల. సెప్తే ఏసుకుంటావా? బెల్టు గూడా ఇప్పేసి పొయ్యే మనిషివి!”

మరునాడు ఉంగరంతో ఒకసారి, తీసి ఒకసారి కొలిచాడు. తేడా సరిగ్గా పన్నెండు.

తోటి ఉద్యోగి పరంధామయ్య గొంతు తగ్గించి అన్నాడు. “తీసేసి గమ్మునుండప్పా. పైన తిరిగేదే రెండు నెలలు సెడి బాగయ్యిందనుకుంటారు. పద్దెనిమిదేండ్ల పేరు పోగొట్టుకుంటావా?”

“అది నోరు తెరిసి సెప్పుకోలేదు గదప్పా,” అన్నాడు చెంగయ్య.

భార్య ఊసెత్తకుండా, తప్పు తనదేనని ఉత్తరం రాశాడు. జూన్ మూడు నుంచి ఆగస్టు ఐదు దాకా అరవై నాలుగు కొలతలను ఎర్రసిరాతో కొట్టేశాడు.