సూది వెయ్యనన్న డాక్టరమ్మగారు

ఆదివారం ఆరాధన అయ్యాక, ఇంకా ఎవరూ లేవకముందే, డాక్టరమ్మగారు పోయారని పాస్టరుగారు చెప్పారు. మగవాళ్ళ వరసలోంచి మా ఆయన నా వంక చూశారు. ఆయన ఇవాళ రెండు కాళ్ళ మీద నడుస్తున్నారంటే ఆవిడ చలవే.

రాజోలు దగ్గర ఆవిడకో చిన్న ఆసుపత్రి ఉండేది. ఎవరొచ్చినా మొదటి ప్రశ్న, “ఇవాళేం కూరండీ?” అనే. ఐదేళ్ళ పిల్లల్ని కూడా “ఏవండీ, నాలిక చూపించండి” అని గౌరవంగా అడిగేవారు. పిల్లలు గర్వపడిపోయి నోరు తెరిచేవారు. జలుబుకీ జ్వరానికీ సూది వెయ్యరని మాత్రం ఊళ్ళోవాళ్ళు ఆవిడ మీద కోపంగా ఉండేవారు.

నాకు పెళ్ళయిన కొత్తలో, డెబ్భైల చివర్లో, మా ఆయన కొబ్బరికాయలు ఒలుస్తూ కాలు జారి, నేలలో పాతిన గునపం మీద పడ్డారు. అది పిక్కలో దిగింది. ఊళ్ళో సూదిమందు వేసే ఆయన పెన్సిలిన్ వేశారు. నొప్పి తగ్గగానే మానేశాం. మళ్ళీ వాచింది, మళ్ళీ వేయించాం, మళ్ళీ మానేశాం. చివరికి పిక్క కర్రలా బిగిసి, ఒళ్ళు తెలియని జ్వరం వచ్చాక డాక్టరమ్మగారి దగ్గరికి మోసుకెళ్ళాం.

ఆవిడ పుండు కోసి చీము తీశారు. కొంచెం చీము సీసాలో పెట్టి పరీక్షకి కాకినాడ పంపించారు.

మా అత్తగారు ఉండబట్టలేక, “అదే సూది ఇంకో రెండెయ్యండమ్మా, తగ్గిపోద్ది,” అన్నారు.

“వెయ్యనండి. ఆ సూదంటే ఈ పుండులో ఉన్న పురుక్కి భయం పోయింది. సగం మందుతో ఆపేస్తే మెతకవి చస్తాయి, మొండివి మిగుల్తాయి. ఇక పిల్లల్ని పెట్టేవి ఆ మొండివేనండి.”

తర్వాత నన్ను వరండాలోకి పిలిచారు. ఆ ఒక్కసారే నన్ను ‘అండీ’ అనలేదు. “అమ్మాయ్, జ్వరం దిగకపోతే కాలు తీసెయ్యాలి. నీకు చెప్పకుండా ఉండలేను,” అన్నారు. నేను ఏడ్చినంతసేపూ నా పక్కనే నిలబడ్డారు.

కాకినాడ నుంచి జవాబు వచ్చింది. పెన్సిలిన్ పనిచేయదు, ఇంకో మందు పనిచేస్తుంది. ఆ మందు రాజమండ్రి నుంచి తెప్పించారు. రోజూ ఆవిడే పుండు కడిగేవారు. ఈలోగా పక్క మంచంలో ఆపరేషనై కాన్పయిన అమ్మాయికి కుట్ల దగ్గర చీము పట్టింది. ఆ వెనక మంచంలో ఉన్న పెద్దాయనకీ అంతే. పరీక్ష చేయిస్తే అన్నీ ఒకే రకం పురుగులు.

ఆ పొద్దున ఆవిడ వార్డు మధ్యలో నిలబడి అందరికీ వినిపించేలా చెప్పారు. “ఈ పురుగు దానంతటది మంచాలు దాటలేదండి. మా చేతుల మీదుగా వచ్చింది. తప్పు మాది.”

ఆపరేషన్ గది మూసేసి, గోడల దగ్గర్నుంచి కడిగించారు. మంచానికీ మంచానికీ మధ్య చెయ్యి కడగకుండా నర్సులే కాదు, ఆవిడా అడుగేసేవారు కాదు. భార్యకి ఆపరేషన్ చేయించడానికి వచ్చిన ఓ పెద్ద రైతుని కాకినాడ వెళ్ళమన్నారు.

ఆయన నొచ్చుకుని, “ఇలా మూసుక్కూర్చుంటే మీ ఆసుపత్రి పేరు పోద్దండి,” అన్నారు.

“ఆయ్. పేరు పోతే పోనివ్వండి. కాళ్ళూ ప్రాణాలూ పోకూడదు కదండీ.”

కాన్పయిన అమ్మాయి కోలుకుని బిడ్డతో ఇంటికెళ్ళింది. పెద్దాయన పుండూ మానింది. మా ఆయన జ్వరం దిగింది, కాలు నిలిచింది. పిక్కలో గుంట మాత్రం ఉండిపోయింది. నొప్పి పోయిందిగా, ఇక మాత్రలు ఆపేస్తానని ఆయనంటే ఆవిడ నవ్వేశారు. “నొప్పి మీకు తగ్గిందండి. పురుక్కి కాదు. చివరిదాకా మింగండి.” మింగారు.

కొన్ని నెలల తర్వాత వేసవిలో, సఖినేటిపల్లి రేవులో నరసాపురం వెళ్ళే పడవెక్కితే ఆవిడ కనిపించారు. వాళ్ళ చెల్లెలి ఇంటికట. చెప్పులు విప్పేసి పడవ అంచున కూర్చుని తాటిముంజలు తింటున్నారు. నన్ను చూసి పక్కకి జరిగి, ఓ ముంజ నా చేతిలో పెట్టి, “తినండి, ఎండిపోతాయి,” అన్నారు. గోదావరి గాలికి చీర చెంగు ఎగురుతోంది. ముంజనీళ్ళు మోచేతి దాకా కారుతున్నా తుడుచుకోకుండా, రెండో కాయలో బొటనవేలు పెట్టి తీస్తున్నారు ఆవిడ.