చచ్చినోళ్ళ చీరలు

నా చిన్నప్పుడు మా పక్కింటి అక్క దుకాణమంటే నాకు ఒళ్ళు మంట. దుకాణమని పేరే గానీ, అది హిందూపురంలో మా వీధిలోనే, ఆమె ఇంటి ముందుగది. వారానికోసారి అక్క పొద్దున్నే ప్యాసింజర్ రైలెక్కి ధర్మవరం పోయి పాత పట్టుచీరలు మూట కట్టుకొని వచ్చేది. ఆమె కొనకపోతే అవి జరీ వ్యాపారుల చేతికి పోయేవి. వాళ్ళు అందులోని వెండి కోసం బంగారంలాంటి చీరలను కాల్చేసేవాళ్ళు. అక్క వాటిని శుభ్రం చేసి, చిరుగులు కనబడకుండా సన్నటి దారంతో రఫూ చేసి అమ్మేది. మా అవ్వ పండక్కైనా పెళ్ళికైనా ఆ గడప తప్ప ఇంకో బట్టల కొట్టు గడప తొక్కేది కాదు.

నా కన్నంతా మెయిన్ రోడ్డులో కొత్తగా వెలిసిన అద్దాల షోరూం మీద. ఆ ఏడు స్కూలు వార్షికోత్సవంలో కోలాటానికి నా జతగత్తెలంతా అక్కడే లంగాలు కొనుక్కున్నారు. మా అవ్వ నాకు అక్క దగ్గరి నెమలికంఠం రంగు చీర తెచ్చి లంగా కుట్టించింది. నిజం చెప్పాలంటే అంత మంచి రంగు ఆ స్టేజీ మీద ఇంకెవరికీ లేదు. ఎండలో నీలంగా, నీడలో పచ్చగా ఉండేది. అయినా ఒక పిల్ల నా లంగా అంచు తిప్పి చూసి, రఫూ చేసిన చోటు కనిపెట్టి, ఎవరో కట్టి విడిచిన చీరని అందరికీ చెప్పింది. అందరూ నవ్వారు. కోపం ఆ పిల్ల మీద రావాలి కదా, నాకు మాత్రం అక్క మీద వచ్చింది.

మర్నాడు వీధి కొళాయి దగ్గర, బిందెల వరసలో నిలబడి, అందరికీ వినబడేలా అన్నాను.

"ఆ అక్క శ్మశానం కాడ ఇడిచిపెట్టిన చీరలు ఏరుకొచ్చి అమ్ముతాండాది."

శవం మీద కప్పిన గుడ్డను శ్మశానంలోనే వదిలేసి రావడం మా వైపు ఆచారం. దాన్ని ఎవరూ ముట్టరు. పక్కింటి పిల్ల చెప్తే అబద్ధమెందుకవుతుందని అందరూ నమ్మారు. సాయిబులామె కొట్టులో కొనడమేమిటని ముందునుంచీ ముక్కు విరిచేవాళ్ళకు నా మాట మంచి సాకైంది. నెల తిరగకముందే అక్క గడపలో చెప్పులు కనబడటం మానేశాయి.

ఒక సాయంత్రం అక్క వచ్చి మా అవ్వ పక్కన కూర్చుంది.

"మూసేస్తానవ్వా. బెంగుళూరులో గార్మెంట్సులో చేరతా. పిల్లోల్ను మాయమ్మ కాడ ఇడుస్తా."

ఈ మాట పుట్టించిందెవరని అవ్వ అడిగింది. అక్క నా వైపు చూసింది, అంతే.

మా అవ్వ కొట్టే మనిషి. ఆ రోజు కొట్టలేదు. పొద్దున నేను లేచి మొహం కడుక్కొని వచ్చేసరికి నా సామానంతా వసారాలో కుప్పగా పడి ఉంది. మా తాతయ్య తిన్న కంచు పళ్ళెం, ఆయన పడుకున్న నులకమంచం, ఆయన ఖాకీ ప్యాంటుతో కుట్టిన నా పుస్తకాల సంచి, అవ్వ వాళ్ళమ్మ కప్పుకున్న కంబళి.

"ఇయ్యన్నీ చచ్చినోళ్ళవే," అంది అవ్వ. "ముట్టగాకు. ఇల్లు గూడా మీ తాత కట్టిందే, బయటే ఉండు."

ఆ రోజు పుస్తకాలు చేతుల్లో మోసుకుంటూ స్కూలుకు పోయాను. తిండి వీధి అరుగు మీద, విస్తరాకులో పెట్టింది. దారిన పోయేవాళ్ళు అడిగితే అవ్వ దాచకుండా సంగతి చెప్పింది. సాయంత్రానికి నా పొగరు దిగిపోయి, ఏడుస్తూ అక్క దగ్గరికి పోయాను. తప్పయిందంటే దగ్గరికి తీసుకుంటుందనుకున్నాను. అక్క సూది మీదినుంచి తల కూడా ఎత్తలేదు.

"నాకెందుకు చెప్తావు పాపా? కొళాయి కాడ కదా అంటివి. ఆడికే పోయి చెప్పు."

మర్నాడు అదే వరసలో నిలబడి, నేను చెప్పింది అబద్ధమని చెప్పాను. ఎవరూ నమ్మలేదు. అవ్వ కొట్టి చెప్పిస్తోందని ఒకామె అననే అంది. అప్పుడు వచ్చింది మా అవ్వ, చంకలో ప్లాస్టిక్ బిందె, ఒంటి మీద అక్క దుకాణంలో కొన్న ఎర్రంచు పట్టుచీర.

"దీన్ని ముందు కట్టినామె చచ్చిందో బతికుండాదో నాకు తెలీదు. నేనైతే బతికే ఉండా. ఎవురికేం నొప్పి?"

వారం రోజులు ఆమె పట్టుచీరతోనే నీళ్ళు మోసింది. కుచ్చిళ్ళు బురదలో నానాయి, ఎర్రంచు తడిసి నల్లబడింది. ఎనిమిదో రోజున, నన్ను నమ్మనన్న ఆమే అక్క గడపలో చెప్పులు విడవడం చూశాను. అక్క బెంగుళూరు పోలేదు. నాతో మాత్రం ఆ ఏడు రంజాన్ దాకా మాట్లాడలేదు. మాట్లాడింది కూడా పండక్కి పంపిన సేమియా గిన్నె తిరిగి ఇవ్వమని అడగడానికే.

రెండువేల సంవత్సరం దాటాక మా అవ్వ పోయింది. ఆమె చీరలన్నీ పంచిపెట్టేయాలన్నారు చుట్టాలు. నేను ఆ ఎర్రంచు చీర ఒక్కటీ పట్టుకొని ఇవ్వనన్నాను. అంచుకు నీటి మరక ఇంకా ఉంది, అక్క రఫూ చేసిన చోటు మాత్రం నాకే కనబడదు. ఇప్పుడు నా తల కూడా నెరిసింది. పెళ్ళిళ్ళకు అదే కట్టుకొని పోతాను. ఇంత మంచి చీర ఏ షోరూంలో తీసుకున్నావని కొంగు పట్టుకొని అడుగుతారు. చచ్చిపోయిన మనిషిదని చెప్తాను. కొంగు వదిలేసి చెయ్యి వెనక్కి తీసుకునేవాళ్ళను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. బిందె పట్టుకొని వరసలో నిలబడ్డ ఆ పాడుపిల్లే నాకు వాళ్ళలో కనబడుతుంది.