ఖాదర్ సాబ్ నడిచిన చేలు

పొద్దున మా ఇంటి ముందు నుంచి చొప్ప లోడుతో ఒక ట్రాక్టరు పోయింది. కరీంనగర్‌లో మేముండే వీధికి ఇప్పుడు చేనూ లేదు, చెలకా లేదు. అయినా ఎండిన జొన్నచొప్ప వాసన, కొంచెం తియ్యగా, కొంచెం దుమ్ముగా, మా వరండా దాకా వచ్చింది. పేపరు చదువుతూ కూర్చున్నవాణ్ణి లేచి నిలబడ్డాను. గేటు దాకా వెళ్ళాను, తిరిగి వచ్చాను, మళ్ళీ వెళ్ళాను. మా కోడలు చూసి, "ఎటు పోవాలె మామా, గంత తొందర?" అంది. ఎటూ పోనక్కర్లేదు. కుదురుగా కూర్చోలేని ఈ గుణం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. ఒక మనిషి దగ్గర అబ్బింది. ఆయన పేరు ఖాదర్ సాబ్. ఆయనను ఎరిగినవాళ్ళు ఇప్పుడు ఈ ఊళ్ళో ఎవరూ మిగల్లేదు గనుక నేనే చెప్పాలి.

పోలీసు చర్య జరిగి రెండు మూడేళ్ళయిన కాలం అది. హైదరాబాద్ రాష్ట్రం ఇంకా ఉంది. మాది వేములవాడ నుంచి కరీంనగర్ వచ్చి స్థిరపడిన నేత కుటుంబం. నూలు దొరికిన నెల బాపు మగ్గం ఆడేది, దొరకని నెల ఊరకే ఉండేది. రేషన్ దుకాణం ముందు అవ్వ నిలబడని వారం లేదు. పంట అంటే నాకు బస్సు కిటికీలోంచి కనిపించే పచ్చదనం, అంతే. అటువంటి నాకు ఆదిలాబాద్ జిల్లా బోథ్‌లో పంటలు కొలిచే కొలువు దొరికింది. కోతల కాలంలో ఊరూరా తిరిగి, ఏ పంట ఎంత పండిందో తేల్చాలి. జిల్లా అంతటా అలా తేలిన లెక్కను బట్టి ఏ ఊరు ఎంత ధాన్యం సర్కారుకు లెవీగా పెట్టాలో నిర్ణయించేవాళ్ళు. ఆ ధాన్యమే బండ్లెక్కి, లారీలెక్కి కరీంనగర్ వంటి పట్నాలకూ, బెల్లంపల్లి గనుల వాళ్ళకూ రేషన్‌గా వచ్చేది. అంటే మా అవ్వ చేటలో పోసుకునే జొన్నలకు మొదలు ఎక్కడో అక్కడికే నేను వెళ్ళాను. వెళ్ళేటప్పుడు మాత్రం ఈ సంగతి నాకు తట్టలేదు.

ఖాదర్ సాబ్ నా పై అధికారి, ఇన్‌స్పెక్టరు. నేను చేరడానికి వెళ్ళిన పొద్దున ఆయన గడప మీద కూర్చుని చెప్పుల వార్లు బిగించుకుంటున్నాడు. యాభై దాటిన మనిషి, బక్కపలచన, నెరిసిన గడ్డం. నేను నమస్కారం పెట్టి లోపల కుర్చీ కోసం చూశాను. "కూసోకు రాజేశం, పోదాం పా. గీ కొలువుల కుర్చీ లేదు," అన్నాడు. ఆ రోజు ఎనిమిది కోసులు నడిచాం. ఆయన నడక నడకలా ఉండేది కాదు, ఏదో వెంట తరుముతున్నట్టు ఉండేది. తరవాత తెలిసింది, నిజంగానే తరుముతోందని. పాత సర్కారులో పనిచేసిన ఆయన వంటి వాళ్ళను ఒక్కొక్కరినే కొలువుల్లోంచి తీసేస్తున్నారు. తమ్ముళ్ళు హైదరాబాద్ వెళ్ళిపోయి, నువ్వూ వచ్చెయ్యమని ఉత్తరాలు రాసేవాళ్ళు. ఆయన ట్రంకు పెట్టె ఎప్పుడూ తలుపు పక్కనే సర్ది ఉండేది. ఒక వారం దాన్ని లోపలి గోడకు జరిపేవాడు, మరో వారం మళ్ళీ తలుపు దగ్గరికి లాగేవాడు.

ఏ ఊళ్ళో ఏ చేను కోయాలో మేం ఎంచుకోకూడదు. చీటీ తీసినట్టుగా తీసిన సర్వే నంబరు పై నుంచి వచ్చేది. ఆ నంబరు చేనుకు వెళ్ళి, మూల నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ పోయి, ఆగిన చోట నాలుగు మేకులు దిగ్గొట్టి తాడు కట్టాలి. ఆ తాడు లోపలి పంటనే కోసి, నూర్చి, తూచాలి. మొదటి వారంలోనే ఒక ఊళ్ళో పట్వారీ మమ్మల్ని బాట పక్క చేనుకు తీసుకుపోయాడు. నల్లరేగడి, ఏనుగు తొండాల్లా కంకులు. "గిదే సాబ్ మీ నంబరు," అన్నాడు. ఖాదర్ సాబ్ నక్షా తీసి సూర్యుడి వైపు తిరిగి చూశాడు. "గాదు. మనది వాగు అవతల ఉన్నది," అన్నాడు. వాగు అవతల రాళ్ళ చెలక, మోకాలెత్తు పైరు. "ఏదైతేంది సాబ్, జొన్నే గద," అన్నాడు పట్వారీ. ఆయన నవ్వలేదు, కోపగించుకోలేదు. వాగు దిగుతూ నాతో అన్నాడు: "మనం ఏరుకుంటె అది మన మనసుల ఉన్న చేను అయితది బేటా. ఊరి చేను గాదు. పట్నపోళ్ళకు బాట పక్క చేన్లే కనపడ్తయి. అందుకే ఊర్లన్ని పచ్చగున్నయనుకుంటరు."

ఈ మాట నాకు అప్పుడు నచ్చింది కాని ఒంటబట్టలేదు. నాకు పట్నం మీద బెంగ. బోథ్‌లో పొద్దు గడవదు. తెలిసిన ముఖం లేదు, మాటల్లో సగం మరాఠీ. పుష్యమాసం చివర నాకు ఒంటరిగా అప్పగించిన పనుల్లో ఒకే ఒక్క ఊరు మిగిలింది. గుట్ట మీది ఊరు. బండి పోదు, రెండు వాగులు దాటి ఎక్కాలి. అవ్వకు జ్వరమని ఇంటి నుంచి ఉత్తరం వచ్చింది. ఆ మర్నాడే నిర్మల్ నుంచి బస్సు. గుట్ట ఎక్కితే బస్సు దొరకదు, తరవాతి బస్సు ఎన్నాళ్ళకో. కింద ఊళ్ళో ముందు రోజు తూచిన జొన్నల తూకం నా ఎదుట కాగితం మీదే ఉంది. గుట్ట మీది ఊరికీ దానికీ ఎంత తేడా ఉంటుందిలే అనుకున్నాను. కొంచెం తగ్గించి ఒక అంకె వేశాను, సంతకం పెట్టాను, బస్సెక్కాను. గోదావరి దాటేదాకా రెండు మూడు సార్లు వెనక్కి తిరిగి గుట్టల వైపు చూశాను. దాటాక చూడలేదు.

ఇంటికి వెళ్ళేసరికి అవ్వ లేచి తిరుగుతోంది. పొయ్యి ముందు కూర్చుని రొట్టె కొడుతూ, "ఈ తాప మంచి జొన్నలిచ్చిండ్రు బిడ్డా. ఏ ఊరియో గని తెల్లగున్నయి," అంది. నేను మూడు రొట్టెలు తిన్నాను.

ఎండలు ముదిరాక ఒక పొద్దున మా కార్యాలయం ముందు ఒక ఆడమనిషి వచ్చి నిలబడింది. నలభై ఏళ్ళుంటాయి. కాష్టా పోసి కట్టిన చీర, మోకాళ్ళ దాకా దుమ్ము. పేరు గంగుబాయి. గుట్ట మీది ఊరు ఆమెది. మొగుడు పోయాక చేను తనే చేసుకుంటోంది. ఆమె ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. ఒకే ఒక్క సంగతి తెలుసుకోవడానికి గుట్ట దిగి వచ్చింది. "మా చేను కోసి తూచిండ్రని చెప్పిండ్రు సాబ్. నేనేమో పొద్దు పొడిచి కుంకేదాంక చేన్లనే ఉంటి. ఎన్నడొచ్చిండ్రు మీరు? పురుగు కొట్టి సగం కంకులు తాలు పోయినయి. లెవీకి ఉన్నయన్ని పట్టుకపోయిండ్రు. ఇత్తుకు దాసిన జొన్నలు గూడ గుమ్మిలకెల్లి తీసిండ్రు. ఇంటింట్ల అట్లనే. మిరుగుకు ఏమిత్తాలె?"

ఖాదర్ సాబ్ రిజిస్టరు తెరిచాడు. ఆ ఊరి పేజీ వచ్చేదాకా కాగితాలు తిప్పుతున్న ఆయన వేళ్ళనే చూస్తూ నిలుచున్నాను. ఆయన నా సంతకం చూశాడు, పైన వరసలో ఉన్న కింద ఊరి అంకె చూశాడు. తల ఎత్తకుండానే, "పోయినవా రాజేశం?" అని అడిగాడు.

"పోలే సాబ్."

"నాకు గాదు. ఆమెకు చెప్పు."

జీవితంలో నేను చెప్పిన మాటల్లో అంత బరువైనది మరొకటి లేదు. "నేను రాలేదమ్మా. రాకుండనే రాసిన," అన్నాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. అర్థం చేసుకోవాలని చూస్తున్న చూపు అది. "ఎందుకు రాలే బిడ్డా? బాట దొరకలేదా?" అంది.

ఆ పూటే ముగ్గురం గుట్ట ఎక్కాం. పైన ఇళ్ళన్నీ తిరిగాం. గింజలు పోసుకునే ఖాళీ గుమ్ముల్లోకి ఖాదర్ సాబ్ చెయ్యి పెట్టి అడుగు దాకా తడిమేవాడు. కళ్ళాల పక్కన తాలు కంకులు కుప్పలుగా పడి ఉన్నాయి. గంగుబాయి ఒక కంకి నలిపి నా అరచేతిలో పోసింది. ఊదితే అంతా ఎగిరిపోయింది. దిగి రాగానే ఆయన పై అధికారికి కాగితం రాసి, తీసుకుని తానే ఆదిలాబాద్ వెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను. అంకె హైదరాబాద్ చేరిపోయిందనీ, ఒక్క గుట్ట ఊరి కోసం జిల్లా లెక్క మార్చడం కుదరదనీ అధికారి చెప్పాడు. అయినా పట్టుబట్టితే తప్పు చేసిన కుర్రవాణ్ణి తీసెయ్యవలసి వస్తుందన్నాడు. ఖాదర్ సాబ్ కలం అడిగి తీసుకుని కాగితం అడుగున ఉర్దూలో రెండు వరసలు రాసి ఇచ్చాడు. బయటికి వచ్చాకే వాటి అర్థం నాకు చెప్పాడు. తనే తనిఖీ చెయ్యకుండా ఆ అంకెను పైకి పంపాననీ, తప్పు తనదనీ రాశాడు.

"ఎందుకట్ల రాసిండ్రు సాబ్?" అన్నాను.

"నిన్ను తీసేస్తె ఇంకొక పట్నం పిల్లగాడొస్తడు. వాడు గూడ ఒకసారి పోకుంట రాస్తడు. నువ్వయితె మల్ల రాయవు," అన్నాడు. నడుస్తూనే అన్నాడు, ఆగి నా ముఖం చూడలేదు.

ఆ కాగితం మీద విచారణ జరిగింది. ఊరి మీద మిగిలిన లెవీ ఆపేశారు. పట్టుకుపోయిన జొన్నలు మాత్రం తిరిగి రాలేదు. అవి అప్పటికే ఏ పట్నంలోనో రొట్టెలైపోయాయి. తొలకరి విత్తనాల మిరుగు కార్తె దగ్గర పడుతోంది. ఖాదర్ సాబ్ నా భుజం మీద ఒక గోనెసంచి వేశాడు. ఇద్దరం కింది ఊళ్ళలో ఇల్లిల్లూ తిరిగి విత్తనం అడిగాం. "దోసెడు చాలు, తాలు లేనియి చూసి ఇయ్యుండ్రి," అనేవాడు ఆయన. ఎవరికని అడిగిన ప్రతి గడపలోనూ నాచేతే జరిగింది చెప్పించాడు. ఒక ముసలాయన విని, లోపలికి వెళ్ళి, చాలాసేపటికి పెద్ద చేటెడు జొన్నలతో వచ్చాడు. ఇంకో ఇంట్లో తలుపు వేసుకున్నారు. నాలుగు రోజులు అలా తిరిగాక సంచులు గుట్ట మీదికి మోశాం. అందరి చేలకూ సరిపోలేదు. గంగుబాయి తన వాటా సగం చేనుకే చల్లుకుంది. మిగతా సగం ఆ యేడు బీడుపడింది.

వానలు మొదలయ్యాక ఖాదర్ సాబ్‌ను కొలువు నుంచి తప్పించారు. ఎప్పటినుంచో వెతుకుతున్న కారణం ఆ రెండు వరసల్లో దొరికినట్టుంది. ట్రంకు పెట్టె బండిలో పెట్టి, తను మాత్రం బండి పక్కనే నడుస్తూ వెళ్ళాడు. హైదరాబాద్ పోలేదు. మా కరీంనగర్‌కు వచ్చి, పిల్లలకు ఉర్దూ చెబుతూ ఉండిపోయాడు.

తరవాత ఆంధ్రప్రదేశ్ వచ్చింది, అభివృద్ధి బ్లాకులు వచ్చాయి, నేనూ ఇన్‌స్పెక్టరునయ్యాను. ఎన్ని చేలు కొలిచానో గుర్తు లేదు కాని, వెళ్ళకుండా ఒక్క అంకె వెయ్యలేదు. జ్వరంతో వెళ్ళాను, మోకాలు వాచి వెళ్ళాను. కింద పనిచేసేవాళ్ళు నన్ను పిచ్చివాడనుకునేవారు. అయితే అన్నేళ్ళలో ఆ గుట్ట ఒక్కటీ ఎక్కలేదు. దాని నంబరు వస్తే వేరేవాళ్ళను పంపేవాణ్ణి. ఒక సెలవుల్లో ఖాదర్ సాబ్‌ను చూడబోయాను. మంచం పట్టి ఉన్నాడు. నా పదవి గురించి అడగలేదు. "గంగుబాయి బీడు సాగయిందా?" అని అడిగాడు. తెలియదన్నాను. "పోలేదా?" అన్నాడు. ఆ గొంతు నేను ఎరిగిన గొంతే. మళ్ళీ అదే జవాబు చెప్పవలసి వచ్చింది నాకు.

ఆ వారంలోనే గుట్ట ఎక్కాను. గంగుబాయి జుట్టు నెరిసింది. బీడు లేదు, చేనంతా సగం జొన్న, సగం పత్తి. చేతిని కళ్ళకు అడ్డం పెట్టుకుని చూసి, ఆనవాలు పట్టింది. పక్క చేలో కలుపు తీస్తున్న కోడలిని కేకేసి చెప్పింది: "గప్పుడు రాని సారు గీయనే. గిప్పుడొచ్చిండు, నీళ్ళు తే."

ఆ ఊళ్ళో నా పేరు అదేనని కోడలి ముఖం చూస్తే తెలిసింది. నీళ్ళు తాగి, చేను చుట్టూ తిరిగి, కిందికి దిగి వచ్చి ఖాదర్ సాబ్‌కు చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. పత్తి ఎప్పటినుంచి వేస్తున్నారో అడిగాడు. అదొక్కటే నేను అడిగి తెలుసుకోలేదు. ఇప్పటికీ రేడియోలో జిల్లా పంట ఇంత, రాష్ట్రం పంట ఇంత అని చెబుతుంటే కూర్చుని వినలేను. ఆ అంకెల్లో ఎవరూ వెళ్ళని చేను ఎక్కడుందో అనిపిస్తుంది. మా అవ్వ పోయేదాకా ఆమెకు ఈ సంగతి చెప్పలేదు. ఏ ఊరి జొన్నలవో తెలియని ఆ మూడు రొట్టెలు మాత్రం నేను తిన్నాను.