చెడకముందే విప్పిన ఇంజను

మద్రాసులో ఒక ఫ్లయింగ్ క్లబ్బు షెడ్డులో నేను మూడేళ్లు పని నేర్చుకున్నాను. అక్కడ రెండు రకాల చిన్న విమానాల ఇంజన్లుండేవి. పెట్రోలు తక్కువ తాగేది ఒకటి. కానీ త్వరగా విప్పి బాగుచేయవలసినదీ అదే. ఆ బాగుచేత ఖర్చును నడిచిన గంటలకు పంచి, పెట్రోలు ఖర్చుతో కలిపితే తప్ప ఏది చవకో తేలదని అక్కడే గ్రహించాను. విప్పడానికి పెట్టిన గడువు గంటలు నిండితే, ఎంత బాగా నడుస్తున్న ఇంజనునైనా విప్పవలసిందే. ఆకాశంలో చెడిన తర్వాత చేయగలిగేది ఏమీ ఉండదు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి సంవత్సరం నంద్యాలలోని మా బియ్యం మిల్లుకు తిరిగి వచ్చాను. ఆళ్లగడ్డలో ఉన్న మా రెండో మిల్లును మా అక్క భర్త చూసేవాడు. రెండింటిలోనూ ఒకే రకం ఆయిల్ ఇంజను. ఆ ఏటి వడ్లు ఆడించడం ముగిసేనాటికి ఎవరి ఇంజను ఖర్చు తక్కువైతే వారికే రెండు మిల్లుల పెత్తనమని నాయన అన్నారు. అన్నమాట మార్చే మనిషి కాదు.

నేను ప్రతి గంటా పుస్తకంలో రాశాను. బావ ఆయిల్ డబ్బాకొక గీత చొప్పున గోడమీద బొగ్గుతో గీసేవాడు. అంతే ఆ మనిషి లెక్క. వచ్చినప్పుడల్లా నా పుస్తకం తిరగేసి నవ్వేవాడు.

“ఏం బామ్మర్దీ, నీ ఇంజను యాడికి ఎగిరి పోతాందప్పా? పడినా వడ్లబస్తాల మీదనే గదా పడేది!”

“చెడిన రోజు తెలుస్తుంది బావా.”

“ఆ పొద్దు చూద్దాంలే. ఈ పొద్దు ఆడతాంది గదా!”

ఆ వెటకారాన్ని నేటికీ క్షమించలేదు.

వడ్లబండ్లు మిల్లు ముందు బారులు తీరిన వారంలోనే గడువు గంటలు నిండాయి. ఇంజను ఆపించాను. ఎనిమిది రోజులు. బండి ఆత్మకూరు ఊరి రైతులు తిట్టుకుంటూ బండ్లను వేరే మిల్లుకు మళ్లించారు. నేను నియమం ప్రకారం బేరింగులు, వాల్వులు, స్ప్రింగులు తీసి కొత్తవి వేయించి, పాతవి కడిగి గుడ్డమీద వరుసగా పేర్చాను. నాయన ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూశారు.

“ఏం చెడిందిరా?”

“ఏమీ చెడలేదు నాయనా.”

“మళ్ల యాల విప్పినావు?”

చెడకముందే విప్పాలన్న నా సమాధానం పూర్తయ్యేవరకు ఆయన నిలబడలేదు. కొత్త సామాను ధర, ఎనిమిది రోజుల నష్టం, రెండూ నా మీదే పడ్డాయి. పెత్తనం బావకు పోయింది.

మిల్లు తాళాలు తీసుకోవడానికి వచ్చిన బావ, గుడ్డమీది పాత సామాను మొత్తం గోనెసంచిలో వేసుకున్నాడు.

“అది తీసిపారేసిన సామాను,” అన్నాను.

“నీకు పాతదేమో. నా ఇంజనుకు కొత్తదే గదప్పా.”

ఆళ్లగడ్డ ఇంజను చెడిపోవాలని ఆరేళ్లు ఎదురుచూశాను. చెడలేదు. ఏది అరిగినా ఆ సంచిలోనుంచి ఒకటి తీసి వేసేవారని దాని డ్రైవరే చెప్పాడు. బావ ఇంజను చవకని ఊరంతా మెచ్చుకుంది. దాని బాగుచేత ఖర్చు ఎవరి పుస్తకంలో ఉందని ఒక్కరూ అడగలేదు. అడగనివారికి చెప్పే అలవాటు నాకు లేదు.