రాయికి తీసిన ఎక్సురే

నాకు తెలియని సంగతంటూ ఒకటి ఉంటుందని ఆ రోజుల్లో నేను అనుకునేదాన్ని కాదు. ఇరవై మూడేళ్ళ వయసు, భుజాన గుడ్డ సంచి, పేరు ముందుకి ఇంకా రాని డాక్టరేటు నడకలోకి మాత్రం అప్పటికే వచ్చేసింది. ఎనభైల నడిమి మాట ఇది. మా మాచర్ల నుంచి ఒక ఆడపిల్ల సముద్రం ఒడ్డున ఉన్న విశ్వవిద్యాలయానికి పోయి పరిశోధన చేస్తోందంటే బస్సులో కండక్టర్లు సైతం లేచి సీటు చూపించేవాళ్ళు (అది నా చదువు మీద గౌరవమనుకుని మురిసిపోయేదాన్ని; వాళ్ళలో సగంమంది మా నాన్న దగ్గర లెక్కలు నేర్చుకుని, ఆయన బెత్తం దెబ్బలు తిన్నవాళ్ళని చానా కాలం తర్వాత తెలిసింది).

నేను చేసే పనేందో మా ఇంట్లో ఎవరికీ అంతుబట్టేది కాదు. "పగడాల మీద పరిశోధన" అని చెబితే, మా మేనత్త "అయితే నాకు రెండు పేటల దండ తీసుకురావే" అంది. దండలో పగడం కాదు మేనత్తా, వెచ్చటి సముద్రాల్లో కంటికి ఆనని చిన్న చిన్న ప్రాణులు సున్నంతో ఇళ్ళు కట్టుకుంటాయి, ఒకదాని మీద ఒకటి కట్టుకుంటూ పోతే అది బండరాయి అంత అవుతుంది, అందులో ఏటా ఒక చిక్కటి పొర, ఒక పలచటి పొర పడతాయి, ఆ పొరల్లోని సున్నాన్ని గీకి మిషన్లో పెడితే ఆ ఏడు సముద్రపు నీళ్ళు ఎంత వెచ్చగా ఉన్నాయో తెలుస్తుంది అని ఊపిరి తిప్పుకోకుండా చెప్పాను. సున్నంలో ఉండే ఆక్సిజన్‌లో బరువుదీ తేలికదీ రెండు రకాలుంటాయనీ, నీళ్ళు చల్లబడితే బరువుది కాస్త ఎక్కువ చేరుతుందనీ కూడా చెప్పబోయాను గానీ, అప్పటికే మేనత్త పొయ్యి మీద పప్పు చూసుకోవడానికి లేచిపోయింది.

మా సారు దగ్గర రామేశ్వరం వైపు ఒడ్డున దొరికిన పాత పగడపు రాయి ఒకటుండేది. మధ్యరకం గుమ్మడికాయంత ఉంటుంది. కొన్ని వేల ఏళ్ళ కిందటిది. దాన్ని చిటికెన వేలు మందాన పలకలుగా కోసి, ఎక్సురే తీస్తే గానీ ఏటేటి పొరలు కంటికి కనపడవు. మా దగ్గర కోసే మిషను రంపం విరిగి, కొత్త రంపం కోసం పెట్టిన కాగితం ఆఫీసులో ఏ బల్ల మీద ఉందో ఎవరికీ తెలియదు. సారు నన్ను పిలిచి, "మీ మాచర్లలో నాపరాళ్ళు కోస్తారటగా. ఇది కోయించి, అక్కడే ఎక్కడైనా ఎక్సురే కూడా తీయించుకురా. ఇక్కడి ఆసుపత్రుల వాళ్ళు రాయి అనగానే తలుపేస్తున్నారు. పై వైపు ఎటో బాణం గుర్తు గీశాను, మర్చిపోకు. ఇలాంటిది ఇంకోటి లేదు" అన్నారు. చివరి మాట ఆయన రెండుసార్లు అన్నారు. నాకు ఒక్కసారి కూడా ఎక్కలేదు.

ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున లేచి చూద్దును కదా, బావి గట్టు మీద మా నాయనమ్మ ఆ రాయితో మడమలు రుద్దుకుంటోంది. "ఏమే, ఇది యాడ దొరికిందే, పగుళ్ళన్నీ నున్నగా పోయినయ్యి!" అని మెచ్చుకుంది. నేను పెట్టిన కేకకి పక్కింటి వాళ్ళు పరుగెత్తుకొచ్చారు. రాయి పైపొర కొంత అరిగింది, అది పోనీ, సారు గీసిన బాణం నామరూపాల్లేకుండా పోయింది. కొన్ని వేల ఏళ్ళుగా సముద్రం, గాలి, ఎండ చెయ్యలేని పని మా నాయనమ్మ మడమలు అరగంటలో చేశాయి.

ఊరి చివర నాపరాళ్ళు కోసే షెడ్డులో రంపం మీద పనిచేసేది మా పక్క వీధి ఆయన. అందరూ రంపం బాబాయి అనేవాళ్ళు, నేనూ అంతే. సన్నగా, పొడుగ్గా, కనుబొమల మీద ఎప్పుడూ తెల్లటి పొడి ఉండేది. ఆయన రాయిని అటూ ఇటూ తిప్పి, గోటితో గీరి, తట్టి చూసి, "ఇది ఇట్టా పైకి పెరిగిన రాయి అమ్మాయ్. దీన్ని నిలువునా కోయాల" అన్నాడు. నాకు ఎక్కడో కాలింది. చదివింది నేను, బాణం ఎటుందో గుర్తున్నది నేను (గుర్తుందనే నా నమ్మకం), ఈయనెవరు చెప్పడానికి? "కాదు బాబాయ్, ఇదిగో ఇట్టా కోయండి. మీకు తెలీదు, ఇది సైన్సు" అన్నాను. ఆయన నా ముఖం వంక ఒక్క క్షణం చూసి, "సరే తల్లీ, నీ రాయి" అని మిషను వేశాడు. నీళ్ళు పోస్తూ కోస్తుంటే పాలలాంటి నీళ్ళు కారాయి. పై భాగం మూతలా ఊడొచ్చింది.

కోసిన ముఖం మీద సన్నటి చుక్కలు తప్ప ఏమీ లేవు. రాయి అడ్డంగా, పొర వెంబడే తెగింది. తేనెపట్టును పైనుంచి చూస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. బాబాయి మిషను ఆపి, దగ్గు తెరలు తెరలుగా వస్తుంటే గోడ పట్టుకుని నిలబడి, అది తగ్గాక, "ఏడవమాక. మిగిలింది చానా ఉంది. ఇకనైనా నా మాట ఇనుకో" అన్నాడు. రాయి ఆయన చేతుల్లో పెట్టాను. ఆయన ఆ పూటంతా నాపరాళ్ళ పని పక్కనపెట్టి, మూడు పలకలు తీశాడు. అప్పడాల్లా ఉన్నాయి. వాటిని వరిపొట్టు పోసిన చెక్కపెట్టెలో పెట్టి, "ఎక్సురేకి నరసరావుపేట దాకా నువ్వు తీసకపోతే గతుకుల్లో ముక్కలైపోద్ది. నేనొస్తా" అన్నాడు.

మర్నాడు గురజాల, పిడుగురాళ్ళ, నకరికల్లు మీదుగా బస్సులో ఆయన పెట్టెను చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. దారి పొడుగునా దగ్గుతూనే ఉన్నాడు. కిటికీ పక్కన కూర్చున్న నేను సారుకి ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. పక్కన మనిషి దగ్గుతున్నాడన్న ధ్యాసే నాకు లేదు. ఈ ఒక్క వాక్యం రాయడానికే నాకు ఇన్నేళ్ళు పట్టింది.

నరసరావుపేటలో ఒక డాక్టరు గారి ఆసుపత్రిలో ఎక్సురే తీసేది ఒక సాయిబు గారు. అందరూ ఎక్సురే భాయ్ అనేవాళ్ళు. చెయ్యి విరిగినవాళ్ళూ, నడుం పట్టేసినవాళ్ళూ బెంచీ మీద బారులు తీరి కూర్చుంటే, మేం చెక్కపెట్టె పట్టుకుని వాళ్ళ పక్కన కూర్చున్నాం. మా వంతు వచ్చాక పెట్టె తెరిచి చూపిస్తే భాయ్ కళ్ళజోడు సవరించుకున్నాడు.

"ఏందమ్మా ఇది?"

"పగడపు రాయి. దీనికి ఎక్సురే కావాలి."

"యాడ దెబ్బ తగిలింది దీనికి?" అని అడిగాడు. బెంచీ అంతా నవ్వింది. చెయ్యి విరిగినాయన కూడా నవ్వి, నొప్పి పుట్టి మూలిగాడు.

భాయ్ మంచివాడే, కాకపోతే రిజిస్టరు మనిషి. "పేషెంటు పేరు లేకుండా నేను ఫిల్ము వాడకూడదు. పేరు చెప్పు, వయసు చెప్పు" అన్నాడు. వయసు ఎంతో తేల్చడానికే గదండీ మేం కిందా మీదా పడుతున్నది అని నేను వివరించబోతుంటే, బాబాయి విసుక్కుని, "నా పేరు రాసుకో భాయ్. యాభై రెండేళ్ళు" అనేశాడు.

ఫిల్ము కడిగి తడితడిగా తగిలించారు. నేను చూసి అలాగే నిలబడిపోయాను. నలుపు, తెలుపు, నలుపు, తెలుపు, కింది నుంచి పైదాకా పొరలు. మనుషుల లెక్కల్లో లేని ఏళ్ళు, ఒక్కో ఏడు వేలి మందాన. బాబాయి నా భుజం పక్కనుంచి తొంగిచూసి, "చెప్పాను గదమ్మాయ్, నిలువునా" అన్నాడు. అంతలో డాక్టరు గారు వచ్చి, ఆ ఫిల్మును లైటు ముందు పెట్టి, రిజిస్టరు చూసి, మళ్ళీ ఫిల్ము చూసి, "ఎవరయ్యా ఈ యాభై రెండేళ్ళ పేషెంటు? ఒక్క ఎముకా లేదేంది?" అన్నారు.

"నేనేనండయ్యా" అని బాబాయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

సంగతి తెలిశాక డాక్టరు గారు కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే బాబాయికి దగ్గు వచ్చింది. డాక్టరు గారి నవ్వు ఆగింది. బాబాయి వీపు మీద గొట్టం పెట్టి విని, "ఎన్నాళ్ళబట్టి ఇది?" అన్నారు. "రాతి పొడండి. మా షెడ్డులో అందరికీ ఉండేదే." "సాయంత్రం పూట జ్వరం వస్తోందా?" బాబాయి చొక్కా గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు. "భాయ్, పేరు ఎట్టాగూ రాశావుగా. ఇప్పుడు మనిషికి తియ్యి" అన్నారు డాక్టరు గారు.

కుడివైపు ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ ఉంది. క్షయ. మందులున్నాయి, సర్కారు ఆసుపత్రిలో ఇస్తారు, నెలల తరబడి ఒక్కరోజు కూడా మానకుండా వాడితే తగ్గుతుంది, మానితే మాత్రం చేతిలో ఉండదు అని చెప్పి చీటీ రాసిచ్చారు. బయటికొచ్చాక బాబాయి చీటీ మడిచి జేబులో పెట్టుకుని, "మీ పిన్నికి చెప్పమాక. షెడ్డులో తెలిస్తే పన్లో పెట్టుకోరు. ఒట్టెయ్యి" అన్నాడు. నేను ఒట్టేశాను. నిజం చెప్పాలంటే, ఆ ఒట్టు నాకు చానా వాటంగా కుదిరింది. ఫిల్ములు చంకలో, పలకల పెట్టె చేతిలో ఉన్నాయి, రైలుకి వేళవుతోంది.

సారు ముందు నిలబడి నాయనమ్మ మడమల దగ్గర్నుంచి అడ్డంగా కోసిన మూత దాకా అంతా ఒప్పుకున్నాను. ఆయన ఫిల్మును వెలుగుకి పట్టుకుని చూస్తూ, "ఇంత బాగా కోసిందెవరు?" అన్నారు. రంపం బాబాయి గురించి చెప్పాను. ఆసుపత్రి సంగతీ, ఒట్టు సంగతీ కూడా చెప్పేశాను. సారు ఫిల్ము బల్ల మీద పెట్టి, "ఈ రాయి ఇన్నివేల ఏళ్ళు ఆగింది, ఇంకో వారం ఆగలేదా? నువ్వు ముందు మీ ఊరు పో" అన్నారు. ఆయన నా మీద అరిచి ఉంటే బాగుండేది.

రంపం బాబాయి ఇంటికి వెళ్ళేసరికి పిన్ని జొన్నలు చెరుగుతోంది. విషయం విని చాట కింద పెట్టింది. "ఏమే, ఇంత చదివినదానివి, మడిసి పేణం సంగతి ఇన్ని రోజులు కడుపులో పెట్టుకున్నావా?" అంది. లోపలికెళ్ళి ఆయన చొక్కా జేబు వెతికితే చీటీ అలాగే ఉంది, మడత కూడా విప్పలేదు. మర్నాడే పిన్ని ఆయన్ని రెక్క పట్టుకుని సర్కారు ఆసుపత్రికి తీసుకుపోయింది. షెడ్డు పని పోయింది. ఒట్టు తప్పినందుకు ఆయన నాతో ఆ ఏడంతా మాట్లాడలేదు. మందులు మాత్రం ఒక్కరోజు కూడా మానలేదు, పిన్ని మాననివ్వలేదు. మనిషి కోలుకున్నాడు. ఆ తర్వాత రోడ్డు పక్కన మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్ముకుంటూ బతికాడు, చానా ఏళ్ళు.

మూడేళ్ళ తర్వాత నా పరిశోధన పుస్తకం అట్ట వేయించుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆ ఎక్సురే బొమ్మ అచ్చేసిన పేజీ తీసి చూపించాను. ఆయన చేతులు తుడుచుకుని, పొరల మీద వేలితో రాస్తూ, "అయితే ఏం తేలిందమ్మాయ్?" అన్నాడు. అప్పటి సముద్రం ఇప్పటికన్నా కాస్త చల్లగా ఉండేదనీ, కొన్నేళ్ళు వరసగా వేడెక్కి మళ్ళీ చల్లబడిందనీ గర్వంగా చెప్పాను. ఆయన తల ఊపి, "మరి అప్పుడు మన మాచర్లలో ఎండలు ఎట్టుండేయ్యి?" అని అడిగాడు.

"తెలీదు బాబాయ్" అన్నాను.

"అది గూడా కనుక్కోవాల్సింది" అన్నాడాయన, నన్ను నొప్పించకూడదన్నట్టు మెల్లిగా, పొత్తు ఒకటి నిప్పుల మీద తిప్పుతూ. తెలీదన్న మాట నా నోటి నుంచి మొదటిసారి వచ్చింది ఆయన ముందే. ఇప్పుడు నా దగ్గర చదువుకునే పిల్లలు ఏదైనా అడిగితే "తెలీదు" అనడానికి నేను వెనకాడను. వాళ్ళు నన్ను అదోలా చూస్తారు. వాళ్ళకీ ఇరవై మూడేళ్ళే కదా అనుకుని నవ్వుకుంటాను.