బీడీలు మాన్పించిన జొన్న రొట్టె

మా కంఠేశ్వర్ వాడలో ఉండే రాధాబాయి ఒక్క జొన్న రొట్టెతో బోధన్ చెరకు తోటల్లో నరికేవాళ్ల ముఠాకు ముఠా చేత బీడీలు మాన్పించింది. డాక్టర్లు బెదిరించి మాన్పించలేకపోయారు, పెళ్లాలు ఏడ్చి మాన్పించలేకపోయారు, కట్ట మీద భయంకరమైన బొమ్మలు అచ్చువేసి సర్కారు మాన్పించలేకపోయింది. రాధాబాయి రొట్టె మాన్పించింది. అందులో విశేషమేమిటంటే, ఆమె బతికేదే బీడీలు చేసి. ఈ సంగతి నేను ఆటో స్టాండులో చెబితే నమ్మనివాళ్లు ఇద్దరే. ఒకడిది బోధన్, ఇంకొకడికి చెముడు.

రాధాబాయి గురించి నాకంటే బాగా తెలిసినవాడు నిజామాబాదులో లేడు. తొమ్మిదో తరగతిలో బడి నన్ను భరించలేక వదిలేసింది. అప్పటి నుంచి శేఖర్ ఆటో అంటే బస్టాండు నుంచి కంఠేశ్వర్ దాకా తెలియనివాడు లేడు. మా సందులో మధ్యాహ్నం నీడ పడేది రాధాబాయి అరుగు ముందే కాబట్టి ఆటో అక్కడే ఆగుతుంది. కిరాయి లేని వేళ వెనక సీట్లో కాళ్లు చాపుకుని నేను విన్నంత జ్ఞానం కాలేజీకి పోయినవాళ్లు కూడా విని ఉండరు.

ఆమె పుట్టిల్లు నందిపేట్ వైపు. పసుపు చేలల్లో పెరిగి, పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చి, అత్త పక్కన కూర్చుని బీడీలు చుట్టడం నేర్చుకుంది. భర్త రాజమల్లు గంజ్ మార్కెట్లో హమాలీ. మాటలన్నీ భార్యకు రాసిచ్చినట్టు ఆయన నోరు విప్పడు. పొద్దంతా బస్తాలు మోస్తాడు, సాయంత్రం చిరిగిన గోనె సంచి ఏదైనా దొరికితే ఇంటికి తెస్తాడు. ఆ సంచులు రాధాబాయికి పనికొస్తాయి. తునికాకు ఎండితే పెళుసు, ముట్టుకుంటే విరుగుతుంది. అందుకని ఆకును నీళ్లలో ముంచి, తడి గోనెలో చుట్టి రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి బట్టలాగా మెత్తబడుతుంది. అప్పుడు కత్తెరతో కోసి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టాలి. ఈ పని చేస్తూనే ఆమెకు నలభై దాటింది, యాభై దాటింది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక పక్కింటి వెంకటవ్వ, ఎదురింటి దేవవ్వ తమ చేటలు పట్టుకుని రాధాబాయి అరుగెక్కుతారు. వేళ్లు బీడీల మీద ఉంటాయి, నోళ్లు లోకం మీద ఉంటాయి. రాధాబాయి ఫోనులో ఏదో వింటుంది, ఎక్కడో పట్టుకుంటుంది, అరుగు మీద పెడుతుంది. తేనె ఏళ్లు గడిచినా చెడిపోదని ఒకరోజు చెప్పింది. చెడిపోవడానికి మా ఇంట్లో మిగిలితే కదా అని వెంకటవ్వ అంది. చీమలకు చెవులు ఉండవని ఇంకోరోజు చెప్పింది.

"మా ఆయనకు రెండున్నయి. ఏం లాభం?" అంది దేవవ్వ, దారం పళ్లతో తెంపుతూ.

ఇక చిట్కాలంటారా, ఆమె దగ్గర లేనిది లేదు. అన్నం అడుగంటితే పైన ఉల్లిగడ్డ ముక్క పెట్టి మూత వేస్తే మాడు వాసన తగ్గుతుంది. మిరపకాయలు కోసి చేతులు మండితే మజ్జిగలో పెట్టాలి. మూత బిగుసుకుంటే వేడినీళ్లు పోయాలి. బియ్యంలో ఎండిన వేపాకు వేయాలి. ఇవన్నీ పనిచేసేవే. నా ఆటో సీటు మీద ఎవరో పిల్లవాడు అంటించిన చూయింగ్ గమ్ము కూడా ఆమె చెప్పినట్టు మంచుముక్కతో రుద్దితే ఊడొచ్చింది. ఆ ముక్కతో నేను ఆటో మొత్తం కొత్తదాన్ని చేశానని, షోరూం వాళ్లు వచ్చి తమదేనని కొట్లాడారని తర్వాత స్టాండులో చెప్పాను. అది వేరే సంగతి.

కానీ రాధాబాయికి ఒక పిచ్చి ఉంది. ఏది ఎండినా, ఏది బిగిసినా ఆమెకు ఆకే గుర్తొస్తుంది. బెల్లం రాయిలా గట్టిపడితే తడి గోనె. ఎండుకొబ్బరి తురమరాకపోతే తడి గోనె. రాజమల్లు చెప్పులు బిగిసి కరుస్తుంటే వాటినీ ఒక రాత్రి గోనెలో పడుకోబెట్టింది. ఆయన తెల్లారి ఏమీ అనకుండా తొడుక్కుని పోయాడు. దాన్ని ఆమె మెప్పు కింద లెక్కేసుకుంది.

ఇక రొట్టెల సంగతి. వెంకటవ్వ కూతురు హర్షిణి. ఇంటర్ అయిపోయాక తల్లి పక్కన చేట పట్టుకుంది. ఆ పిల్ల వేళ్లకు తంబాకు రంగు ఎక్కడం వెంకటవ్వకు ఇష్టం లేదు. తను చుట్టింది చాలు, తన తల్లి చుట్టింది చాలు అని ఎన్నోసార్లు అంటుంటే విన్నాను. హర్షిణి చేతికి జొన్న రొట్టె బాగా కుదురుతుంది. పలుచగా, గుండ్రంగా, అంచు చిట్లకుండా కొడుతుంది. చివరికి బోధన్ అవతల రోడ్డు పక్కన హోటల్ నడిపే ఆత్మారాం దగ్గర ఆమెకు ఒక బేరం దొరికింది. చెరకు నరకడానికి మహారాష్ట్ర వైపు నుంచి ముఠాలు వస్తాయి. వాళ్లకు జొన్న రొట్టె లేనిదే ముద్ద దిగదు. గుడిసెల్లో నాలుగు రోజులు దాచుకునేలా కాల్చి ఎండబెట్టిన రొట్టెలు కావాలని ఆత్మారాం అడిగాడు. బాగుంటే సీజను పొడుగునా తీసుకుంటానన్నాడు. ఆ రోజే హర్షిణి చేట కడిగి అటక మీద పెట్టేసింది.

మొదటి దఫా రొట్టెలు నా ఆటోలోనే పోయాయి. చెరకు ట్రాక్టర్లు తిరిగి తిరిగి ఆ రోడ్డు ఎలా ఉందో చెప్పనక్కర్లేదు. నేను ఎంత బాగా నడిపినా సగం రొట్టెలు ముక్కలయ్యాయి. ఇంకొకరు నడిపి ఉంటే పిండి అయ్యేవి. ఆత్మారాం కోప్పడలేదు. రుచి బాగుంది, ముక్కలు మాత్రం వద్దు, ఈసారి విరగకుండా తెస్తే చూద్దాం అన్నాడు. ఒక అవకాశం ఉంది, ఒకటే ఉంది.

ఈ మాట అరుగు మీదికి వచ్చింది. మిగతా ఇద్దరూ ఆలోచిస్తున్నారు, రాధాబాయికి ఆలోచన అక్కర్లేదు.

"ఆకు ఎందుకు ఇరుగదు? తడి గోనెల ఉంటది గనుక. రొట్టె గూడ ఆకసొంటిదే. రాత్రి సుట్టి వెట్టుండ్రి, తెల్లారి మడత వెట్టినా ఇరుగదు."

హర్షిణి కొంచెం సందేహించింది. రాధాబాయి తన గోనెనే తీసి, సబ్బు పెట్టి ఉతికి, పిండి ఇచ్చింది. తెల్లవారి చూస్తే రొట్టెలు నిజంగానే మెత్తగా ఉన్నాయి. రుమాలులా మడిచినా పగల్లేదు. అందరూ తలా ముక్క తిన్నారు. దేవవ్వ తిన్నది, వెంకటవ్వ తిన్నది, నేను రెండు తిన్నాను. ఒక్కరూ వంక పెట్టలేదు. నేను పాట పాడుకుంటూ బోధన్ తీసుకుపోయి ఇచ్చి వచ్చాను.

మర్నాడు మధ్యాహ్నం ఆత్మారాం ఫోను చేశాడు. రొట్టెల్లో బీడీ వాసన వస్తోందట. ముఠా వాళ్లు తినలేదట. రేపటి నుంచి తేవద్దన్నాడు.

హర్షిణి ఏడవలేదు. ఫోను పక్కన పెట్టి, అటక మీద నుంచి చేట దించి, తల్లి పక్కన కూర్చుని కత్తెర తీసుకుని ఆకు కోయడం మొదలుపెట్టింది. వెంకటవ్వ చేతిలో చుడుతున్న బీడీ అలాగే విప్పుకుపోయి తంబాకు ఒడిలో రాలింది.

రాధాబాయి మాత్రం ఒప్పుకోలేదు. బోధన్ వాళ్లవి బెల్లం ముక్కులని, తీపి తప్ప ఇంకే వాసనా వాళ్లకు పట్టదని, గోనె తానే సబ్బుతో ఉతికానని అన్నది. ఇంట్లో మిగిలిన రొట్టెలు తెప్పించి అందరి చేతా వాసన చూపించింది. దేవవ్వ చూసింది, ఏమీ లేదంది. వెంకటవ్వ కూతురి ముఖం చూస్తూ వాసన చూసి, తనకూ ఏమీ తెలియడం లేదంది. నేనూ చూశాను. నా ముక్కు మామూలు ముక్కు కాదు. ఎక్కడో నిజాంసాగర్ గేట్లు ఎత్తితే ఇక్కడ నాకు నీళ్ల వాసన వస్తుంది. అయినా ఆ రొట్టెలో నాకు డీజిలు వాసన ఒక్కటే వచ్చింది.

సాక్ష్యం గట్టిగా ఉండాలని రాధాబాయే దేవవ్వ కొత్త కోడలిని పిలిపించింది. పేరు వర్ష, ఆ పిల్ల కూడా నందిపేట్ నుంచే వచ్చింది. మా సందుకు వచ్చి ఇంకా నెల కాలేదు. మా ఊరి పిల్ల, పసుపు వాసనలో పెరిగిన ముక్కు, అబద్ధం చెప్పదు అని రాధాబాయి ముందే అందరికీ చెప్పింది. వర్ష రొట్టె తీసుకుని వాసన చూసి అత్త వైపు చూసింది, రాధాబాయి వైపు చూసింది, నేల వైపు చూసింది.

"చెప్పు బిడ్డా, ఏమన్న వస్తుందా?" అంది రాధాబాయి.

"ఏమో పెద్దమ్మ. నాకైతే మీ అందరిండ్లు గిట్లనే వాసనొస్తయి."

ఇన్నేళ్లుగా తంబాకు బుట్ట పక్కనే తిని, పక్కనే పడుకున్నవాళ్లం. ఆ వాసన మాకు వాసనగా తెలియడం ఎప్పుడో మానేసింది. రాధాబాయి లోపలికి పోయి గోనె తెచ్చి ముఖానికి ఆనించుకుని గట్టిగా పీల్చింది. మళ్లీ పీల్చింది. తనకేమీ రావడం లేదని మెల్లగా అన్నది. ఈసారి ఆ మాట వాదన కాదు.

గోనె పక్కన పడేసింది. హర్షిణి చేతిలో కత్తెర తీసుకుని కింద పెట్టి, ఆ పిల్లను లేపి వెంటబెట్టుకుంది. "శేఖరూ, ఆటో తియ్యి," అంది నాతో.

బోధన్ దారిలో ఆటో జానకంపేట్ దాటింది, ఎడపల్లి దాటింది, రాధాబాయి నోటి నుంచి ఒక్క చిట్కా రాలేదు. ఆమెను నేనెరిగిన ఇన్నేళ్లలో అలాంటి ప్రయాణం అదొక్కటే. నేను ఉండబట్టలేక, దగ్గు వస్తే ఏం చేయాలక్కా అని అడిగాను. దగ్గాలి అన్నది.

ఆత్మారాం హోటల్ అంటే రేకుల షెడ్డు, రెండు పొయ్యిలు, బయట బల్లలు. మా రొట్టెల గంప ఓ మూలకు తోసి ఉంది. హర్షిణిని చూడగానే అతని ముఖం ఇబ్బందిగా అయింది.

"అక్కా, నేను పిల్లను ఏమంటలేను. బీడీ తాగేటోళ్లే మాకొద్దన్నరు. తాగేది వేరే, తినేది వేరే అన్నరు. నేనేం జెయ్యాలె?" అన్నాడు.

అక్కడ రాధాబాయి ఎన్ని మాటలైనా చెప్పొచ్చు. నెపం రోడ్డు మీద పెట్టొచ్చు, నా ఆటో మీద పెట్టొచ్చు. నేనైతే అప్పటికే ఒక కథ సిద్ధం చేసి పెట్టుకున్నాను, అందులో ఒక దొంగ, ఒక తంబాకు లారీ ఉన్నాయి.

"పిల్ల చెయ్యి మంచిదే. తడి గోనెల సుట్టుమన్నది నేను. గోనె నాది. సెడగొట్టింది నేను," అంది రాధాబాయి. "దాని ముంగట పిండి వెట్టి సూడు. మంచిగ లేకుంటే పోతం."

ఆత్మారాం కొంతసేపు మీసం రుద్దుకున్నాడు. తర్వాత లోపలి నుంచి జొన్నపిండి తెచ్చి పొయ్యి దగ్గర పెట్టాడు. హర్షిణి చేతులు కడుక్కుని, వేడినీళ్లు పోసి పిండి కలపబోతే, రాధాబాయి అలవాటు కొద్దీ కొంగు దోపుకుని పీట లాక్కుంది.

"అక్కా, నువ్వు మాత్రం వద్దు," అన్నాడు ఆత్మారాం.

ఆమె తన చేతులు ఒకసారి చూసుకుంది. వేళ్ల కొసలు గోధుమ రంగులో ఉన్నాయి, ఏ సబ్బుకూ పోని రంగు. ఆ చేతులు కొంగులో చుట్టుకుని బయటికి వచ్చి నా ఆటో వెనక సీట్లో కూర్చుంది. అక్కడి నుంచి రొట్టె కొట్టే చప్పుడు వినిపిస్తోంది. మొదట తడబడింది, తర్వాత నిలకడైంది. చప్పుడు నిలకడయ్యాకే రాధాబాయి వెనక్కి ఆనుకుంది.

మొదటి రొట్టెను ఆత్మారాం ముందు వాసన చూశాడు, తర్వాత ఉప్పూ కారం కూడా లేకుండా తిన్నాడు. పొద్దు వాలే వేళకు ముఠావాళ్లు కొడవళ్లు చంకన పెట్టుకుని వచ్చారు. ఆ రోజు వాళ్లకు వేడి రొట్టె దొరికింది. మళ్లీ మళ్లీ అడిగి పెట్టించుకున్నారు. హర్షిణి తల ఎత్తకుండా కొడుతూనే ఉంది. వాళ్లలో ఒక ముసలాయన చెవి వెనక బీడీ పెట్టుకుని తినడానికి కూర్చున్నాడు. తిన్నాక బల్ల మీదే ఒరిగి నిద్రపోయాడు. బీడీ చెవి వెనకే ఉండిపోయింది. అది నేను కళ్లారా చూశాను. మిగతాది మీకు మొదట్లోనే చెప్పాను.

పోయేముందు ఆత్మారాం హర్షిణితో ఒప్పందం తేల్చేశాడు. రొట్టెలు కంఠేశ్వర్‌లో చేసి తేవద్దు, పొద్దున బస్సుకు వచ్చి ఇక్కడే చెయ్యి, పిండీ పొయ్యీ నావి అన్నాడు. ఇక్కడే చేస్తే రోడ్డు మీద విరిగే బాధా లేదు. హర్షిణి సరేనంది. ఇంటికి వచ్చాక కత్తెర తల్లికి ఇచ్చేసి, చేట మళ్లీ అటక ఎక్కించింది. వెంకటవ్వ ఆ సాయంత్రం రాధాబాయి ఇంటికి ఒక గిన్నె పప్పు పంపింది, మాట మాత్రం ఏమీ పంపలేదు.

ఇప్పుడు రోజూ పొద్దున హర్షిణి బోధన్ బస్సు ఎక్కుతుంది. అరుగు మీద చిట్కాలు ఆగలేదు. కాకపోతే రాధాబాయి నోరు తెరవగానే, గోనె తడపాల్నా అక్కా అని దేవవ్వ అడుగుతుంది. రాధాబాయి దానికి నవ్వదు, కోప్పడదు. తినే వస్తువైతే మాత్రం ముందు వర్షకు వాసన చూపించమంటుంది.

ఇదంతా రాసి మొన్న మధ్యాహ్నం ఆమెకే చదివి వినిపించాను. ఆకు కోస్తూ, తల ఎత్తకుండా చివరిదాకా విన్నది. ఎట్లుందక్కా అన్నాను.

"ఎవ్వలు బీడీ మానలే. గా ముసలాయన అలిసి పండుకున్నడు, లేసినంక అగ్గిపెట్టె నన్నే అడిగిండు. నా గోనెల సుట్టిన రొట్టెలు బర్రెలకేస్తే అవి గూడ ముట్టలే. వాళ్లు తిన్నయి హర్షిణి రొట్టెలు."